బ్రాడ్‌బీ షీల్డ్ చూడ్డానికి వెళ్తున్నాను. రగ్గర్‌లో ఏం చూడాలో చెప్తారా?

కిరణ్_రాజోలు అడిగారు:

అందరికీ నమస్కారం. నేను కొలంబోలో ఒక గార్మెంట్ కంపెనీలో ప్లానింగ్ విభాగంలో చేరి ఎనిమిది నెలలైంది. మాది రాజోలు దగ్గర పల్లె. ఆటలంటే నాకు తెలిసింది క్రికెట్, కొంచెం కబడ్డీ.

ఇక్కడ మా ఆఫీసులో పదిహేను రోజులుగా ఎక్కడ విన్నా బ్రాడ్‌బీ మాటే. రాయల్ కాలేజీ, ట్రినిటీ కాలేజీ అనే రెండు బడుల మధ్య ఏటా జరిగే రగ్గర్ పోటీ అది, రగ్గర్ అంటే రగ్బీయే. మా మేనేజర్ రాయల్ కాలేజీలో చదివారు. పక్క టీం హెడ్‌ది కాండీలోని ట్రినిటీ కాలేజీ. ఇద్దరికీ నలభై దాటాయి, రోజూ కలిసి భోంచేసే స్నేహితులు. ఈ మధ్య మాత్రం టేబుల్ దగ్గర కూర్చుంటే చాలు, ఫలానా ఏడాది ఫలానా పెనాల్టీ రిఫరీ ఇవ్వాల్సిందా కాదా అని మొదలవుతుంది. మేనేజర్ నాకూ టికెట్ తీశారు. వచ్చే శనివారం కొలంబోలో మొదటి మ్యాచ్.

యూట్యూబ్‌లో పాత మ్యాచ్ ఒకటి పెట్టుకుని చూశాను. అందరూ ఒకరి మీద ఒకరు పడటం, విజిల్, మళ్ళీ పడటం, ఇంతే కనిపించింది. నా సందేహం ఏంటంటే, రెండు మ్యాచ్‌లు ఎందుకు ఆడతారు? ఒక మ్యాచ్ ఓడినవాళ్ళకి కూడా షీల్డు రావచ్చని అంటున్నారు, అదెలా? అసలు ఆట తెలియని మనిషి గ్రౌండ్‌లో కూర్చుని దేన్ని చూడాలి? బడి పిల్లల మ్యాచ్ మీద పెద్దవాళ్ళకి ఇంత ప్రాణం ఎందుకో అర్థం చేసుకోవాలని ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కాండీ_పద్మ జవాబు:

కిరణ్ గారూ, మీ ప్రశ్న చూసి ఆగలేకపోయాను. మాది తణుకు. మావారు టీ ఫ్యాక్టరీల మెషీన్ల సర్వీసు పని మీద ఇక్కడికి వచ్చారు, పన్నెండేళ్ళయింది, కాండీలోనే ఉన్నాం. మేం అద్దెకున్న ఇల్లు ట్రినిటీ వాళ్ళ కుటుంబానిది. కాబట్టి నా మనసు ఎటువైపో ముందే చెప్పేస్తున్నాను. రాయల్‌కి అన్యాయం మాత్రం చేయను.

రాయల్, ట్రినిటీ మొదటిసారి తలపడింది 1920లో. అప్పుడు ట్రినిటీ గెలిచింది. షీల్డు వచ్చింది మాత్రం 1945లో. అప్పటి రాయల్ ప్రిన్సిపల్ ఇ.ఎల్. బ్రాడ్‌బీ ఇచ్చారు, అందుకే ఆ పేరు. ఏటా ఒక మ్యాచ్ కొలంబోలో, ఒకటి ఇక్కడ. వాటిని ఫస్ట్ లెగ్, సెకండ్ లెగ్ అంటారు. ఎవరెన్ని మ్యాచ్‌లు గెలిచారన్నది లెక్కలోకి రాదు. రెండింటి పాయింట్లూ కూడితే ఎవరివి ఎక్కువో షీల్డు వాళ్ళది. ఉదాహరణకి మొదటి లెగ్‌ని ఒక జట్టు 24–10తో గెలిచిందనుకోండి. రెండోదాంట్లో అవతలివాళ్ళు 20–9తో గెలిచారనుకోండి. కూడి చూడండి, 33కి 30. పదకొండు పాయింట్ల తేడాతో ఆ రోజు గెలిచినవాళ్ళు ఖాళీ చేతులతో ఇంటికెళ్తారు.

ఇది అర్థమైతే సగం ఆట అర్థమైనట్టే. మామూలు మ్యాచ్‌లో పది నిమిషాలుండగా ఒక జట్టు బాగా వెనకబడితే జనం లేచి బయటికి నడుస్తారు. బ్రాడ్‌బీ ఫస్ట్ లెగ్‌లో ఎవరూ కదలరు. నేను చూసినవాటిలో నాకు అన్నిటికన్నా గుర్తున్నది అలాంటి చివరి నిమిషాలే. ఆ రోజు మ్యాచ్ పోయిందని ఆడే పిల్లలకీ తెలుసు, మాకూ తెలుసు. అవతలి జట్టు మా గీతకి ఐదు గజాల దూరంలో బంతి పట్టుకుని గుద్దుతోంది. ఒకణ్ణి పడేస్తే ఇంకొకడు వస్తున్నాడు. మా పిల్లలు పడినచోట నుంచి లేచి, మళ్ళీ వరసలో నిలబడి, మళ్ళీ పడుతున్నారు. ఒకబ్బాయి జెర్సీ భుజం దగ్గర చిరిగి వేలాడుతోంది, దాన్ని నోట్లో కరుచుకుని పరిగెత్తాడు. ఎన్నిసార్లు అలా ఆపారో లెక్క తప్పిపోయింది. చివరికి అవతలివాళ్ళ చేతిలోంచి బంతి ముందుకి జారింది, ఈ ఆటలో అది తప్పు. విజిల్ ఊదగానే మా స్టాండ్ మొత్తం గెలిచినట్టు అరిచింది. ఓడిన మ్యాచ్ అది! ఆ ఏడు పాయింట్లు (బంతి గీత దాటిస్తే ఐదు, ఆ తర్వాతి కిక్‌కి రెండు) ఆపడం అంటే సెకండ్ లెగ్‌కి ఏడు పాయింట్లు చేతిలో పెట్టుకుని వెళ్ళడమే కదా.

కాబట్టి స్కోరుబోర్డు మీద గెలుపోటములు చూడకండి, తేడా ఎంతో చూడండి.

పిచ్చి ఎందుకంటారా? రెండు బడుల కథా వేరు. రాయల్ 1835లో మొదలైంది. ప్రభుత్వ బడి. ఐదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్షలో పెద్ద మార్కులు తెచ్చుకుని దేశం నలుమూలల నుంచీ పిల్లలు చేరతారు. ట్రినిటీ 1872లో చర్చి మిషనరీలు పెట్టింది, కొండల మధ్య బడి. మీకు తెలిసిన మనిషి పేరు చెప్పాలంటే కుమార సంగక్కర అక్కడే చదివాడు. ట్రినిటీలో ఆటలకి ఇచ్చే పెద్ద గౌరవం ‘లయన్’. జట్టులో ఉన్నంత మాత్రాన రాదు, అసాధారణంగా ఆడినవాళ్ళకే ఇస్తారు. ఏళ్ళ తర్వాత కూడా మనిషిని పరిచయం చేసేటప్పుడు ‘ఆయన లయన్’ అంటారు. ఆ మాట అన్నాక ఇంకేం చెప్పక్కర్లేదు.

ఆట కూడా ఇక్కడ కొత్తగా దిగింది కాదు. లంకలో రెండు బడుల మధ్య మొదటి రగ్గర్ మ్యాచ్ 1906లో కాండీలో బొగంబర మైదానంలో జరిగింది. ట్రినిటీకీ, ఇదే ఊళ్ళోని కింగ్స్‌వుడ్‌కీ. 6–6తో సమానమైంది. అన్నట్టు ఇక్కడ రగ్బీ అనరు, రగ్గర్ అనే అంటారు. మీరూ అలాగే అనండి, మీ మేనేజర్ సంతోషిస్తారు.

ఇంకో మాట. కాండీ మనకి పరాయి ఊరేమీ కాదు. ఈ రాజ్యాన్ని చివరగా ఏలిన నాయక్కర్ రాజులు తెలుగు మూలాలున్న మదురై నాయకుల బంధువర్గం. 1739 నుంచి 1815 దాకా వాళ్ళే. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ తవ్వించిన చెరువు పక్కనే మ్యాచ్ రోజు జెండాలు కట్టిన వ్యాన్లు వరసగా వెళ్తుంటాయి. ఆ రాజుని ఇంగ్లీషువాళ్ళు వేలూరు కోటకి పంపేశారు, అక్కడే పోయాడు. ఆ గట్టు మీద నిలబడి పాపరే బ్యాండు (ఇక్కడి మ్యాచ్‌లలో బాకాలు, డ్రమ్ములతో వాయించేది) వింటుంటే ఇదంతా నాకు గుర్తొస్తుంది.

సెవెన్స్_శ్రీను జవాబు:

పద్మ గారు చెప్పినదానికి ఆట లెక్కలు కలుపుతాను. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివినప్పుడు మూడేళ్ళు సెవెన్స్ ఆడాను. అది ఏడుగురి ఆట. మీరు చూడబోయేది పదిహేనుగురిది. బంతి అదే, బుర్ర వేరు.

బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. తర్వాత స్తంభాల మధ్యగా తంతే కన్వర్షన్, 2. పెనాల్టీ కిక్ 3, ఆట నడుస్తుండగా బంతిని నేలకి వేసి తన్నే డ్రాప్ గోల్ 3. చేత్తో బంతిని ముందుకి ఇవ్వకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. మనిషిని ముందుకి పంపడానికి బంతిని వెనక్కి పంపడం, అదే ఈ ఆట అందం.

కిరణ్ గారూ, కబడ్డీ తెలుసన్నారు కదా, అది చాలా పనికొస్తుంది. పట్టు ఎక్కడ పడుతున్నాడో చూడండి. భుజాల పైన పట్టుకుంటే తప్పు. మంచి డిఫెండర్ తొడల దగ్గర చుట్టేసి, భుజం ఆనించి, కాళ్ళు ఆడిస్తూనే ఉంటాడు. మన దగ్గర కోడిరామ్మూర్తి కాలం నుంచీ చెప్పే మాటే, బలం నడుములో ఉంది.

కన్వర్షన్ గురించి ఒకటి గమనించండి. ట్రై ఎక్కడ పెట్టాడో దానికి ఎదురుగా వెనక్కి వెళ్ళి తన్నాలి. మూల మీద పెడితే టచ్‌లైన్ (మైదానం పక్కగీత) దగ్గర నుంచి తన్నాల్సిందే, స్తంభాలు సన్నగా కనిపిస్తాయి. నడిమధ్యలో పెడితే సులువు. గీత దాటినవాడు వెంటనే పడిపోతాడా, ఇంకో నాలుగు అడుగులు స్తంభాల వైపు పరిగెత్తి పెడతాడా? రెండు మ్యాచ్‌ల పాయింట్లు కూడేచోట ఆ నాలుగు అడుగుల విలువ రెండు పాయింట్లు. అలాగని ఎక్కువ ఆశపడి వెనకనుంచి వచ్చినవాడికి దొరికితే ఐదూ పోతాయి. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు ఊపిరి ఆడని పరుగులో ఆ నిర్ణయం తీసుకోవాలి.

సెకండ్ లెగ్‌కి వెళ్తే కెప్టెన్‌ని చూడండి. మొత్తం మీద ఎనిమిది పాయింట్లు వెనక ఉన్నారనుకుందాం. స్తంభాల ముందు పెనాల్టీ వచ్చింది. మూడు తీసుకుంటాడా, బంతిని మూలకి తన్ని లైన్అవుట్ (బయటికి పోయిన బంతిని మళ్ళీ లోపలికి విసరడం) నుంచి ట్రైకి వెళ్తాడా? స్టాండ్‌లో వేల మంది ఒకటి అరుస్తుంటారు, కోచ్ ఇంకోటి సైగ చేస్తుంటాడు. ఆ మ్యాచ్‌లో ఆయన స్కోరు ముందుండవచ్చు, మొత్తంలో వెనక ఉండవచ్చు. రెండు స్కోర్లు ఒకేసారి తలలో పెట్టుకుని ఆడటం మామూలు విషయం కాదు. ఆ అర నిమిషంలో నేను బంతిని చూడను, కెప్టెన్ మొహమే చూస్తాను.

స్క్రమ్ అంటే ఎనిమిదిమంది, ఎనిమిదిమంది తలలు దూర్చి తోసుకునేది. 19 ఏళ్ళ లోపు వాళ్ళ ఆటలో ఒకటిన్నర మీటరుకి మించి తోయకూడదని నియమం ఉంది, మెడలకి ప్రమాదం అని. అది తెలియక చాలామంది రిఫరీని తిడుతుంటారు.

రమణి_విశాఖ జవాబు:

చదువుతుంటే బాగుంది, కాదనను. కానీ ఒక తల్లిగా నాకు భయంగా ఉంది. మావాడికి పదహారేళ్ళు. నిరుడు బడి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కళ్ళు తిరుగుతున్నాయంటే, మొహాన నీళ్ళు కొట్టి మళ్ళీ దింపారు. ఇంటికొచ్చి రెండుసార్లు వాంతి చేసుకున్నాక హాస్పిటల్‌కి పరిగెత్తాం. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఆ రాత్రి స్కానింగ్ గది బయట కూర్చున్న మూడు గంటలు నేను మర్చిపోలేను.

ఫుట్‌బాల్‌లోనే అలా ఉంటే ఈ ఆటలో ఇంకెలా ఉంటుంది? పైగా నలభై ఏళ్ళవాళ్ళు వచ్చి అరుస్తుంటే, పేపర్లలో ఫొటోలు వేస్తుంటే, పదిహేడేళ్ళ పిల్లాడు ‘నాకు తల తిరుగుతోంది, నేను బయటికి వెళ్తాను’ అని నోరు తెరిచి చెప్పగలడా? పద్మ గారూ, మీరు దగ్గర నుంచి చూశారు కాబట్టి అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు.

కాండీ_పద్మ జవాబు:

రమణి గారూ, తప్పుగా ఎందుకు అనుకుంటాను? ఆ మూడు గంటలు ఎలా గడిచి ఉంటాయో ఊహించగలను. మీ బాబుకి జరిగింది ముమ్మాటికీ తప్పు. తలకి దెబ్బ అనుమానం వస్తే చాలు, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, మళ్ళీ దిగకూడదు. బడి పిల్లల రగ్గర్‌లో ఇదే నియమం. గ్రౌండ్ పక్కన డాక్టరు, స్ట్రెచర్ ఉంటాయి. కానీ మీరన్నది నిజమే, పిల్లాడు దాచిపెడితే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? పెద్దవాళ్ళు అరిచే అరుపులకీ పిల్లాడు దాచిపెట్టడానికీ సంబంధం ఉంది. దాని గురించి నా దగ్గర ఒక అనుభవం ఉంది, చెప్తాను. ఏ ఏడాదో రాయను. షీల్డు ఎవరికి వెళ్ళిందో కూడా రాయను. రాస్తే ఆ అబ్బాయి ఎవరో ఇక్కడివాళ్ళకి తెలిసిపోతుంది.

మా ఇంటి ఓనరమ్మని మేమంతా ఆచ్చి అంటాం, సింహళంలో అమ్మమ్మ అని. ఆమె మనవడు బడికి దగ్గరని ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాడు. జట్టులో హుకర్, నంబర్ 2. స్క్రమ్‌లో ముందు వరస మధ్యలో ఉండేదీ, లైన్అవుట్‌లో బంతి విసిరేదీ వాడే. లైన్అవుట్ అంటే బంతి గీత బయటికి పోయినప్పుడు రెండు జట్లూ రెండు వరసలుగా నిలబడతారు, మధ్యలోకి బంతి నిటారుగా వేయాలి. కాస్త మన వైపు వంగితే విజిల్ పడవచ్చు, బంతి అవతలివాళ్ళకి పోతుంది. మనవాళ్ళు ఒకణ్ణి పైకి ఎత్తుతారు, వాడు గాలిలో ఉండే ఆ ఒక్క క్షణంలో బంతి వాడి చేతికి చేరాలి. ముందైనా, వెనకైనా పోయినట్టే.

మా వంటింటి వెనక గోడ మీద వాడు సుద్దముక్కతో గుండ్రంగా గుర్తు పెట్టాడు. అక్కడ నుంచి అడుగులు కొలిచి పనస చెట్టు మొదట్లో ఇటుక పాతాడు. రోజూ సాయంత్రం ఐదున్నరకి బడి నుంచి రాగానే ఆ ఇటుక మీద కాలు పెట్టి యాభై సార్లు విసిరేవాడు. పక్కన బకెట్‌లో నీళ్ళు. బంతి ముంచి తీసి విసిరేవాడు. ఎందుకురా అంటే, ‘ఆంటీ, మ్యాచ్ రోజు వాన పడితే బంతి ఇలాగే ఉంటుంది’ అన్నాడు. నేను పప్పు తాలింపు పెడుతుంటే గోడకి అవతల ధబ్, కాసేపు ఆగి ధబ్. పోపు గింజలు చిటపటలాడే చప్పుడూ అదీ కలిసిపోయేవి. గుర్తు మీద తగిలిన చప్పుడుకీ పక్కన తగిలిన చప్పుడుకీ తేడా నాకు తెలిసిపోయేది. గుర్తు ఉన్నచోట గోడ లోపల గట్టిగా ఉంది, పక్కన సున్నం ఉబ్బి బోలుగా మోగేది.

ఆ ఏడాది ఫస్ట్ లెగ్. అవతలివాళ్ళ గీతకి ఐదు మీటర్ల దూరంలో మాకు లైన్అవుట్. ఇది పడితే ట్రై దాదాపు ఖాయం. వాడు రెండు అరచేతులూ జెర్సీకి తుడుచుకున్నాడు. బంతి తల వెనక్కి తీసుకెళ్ళాడు. ఆ స్టాండ్ నుంచి అరుపులు. విసిరాడు. ఆచ్చి నా చెయ్యి పట్టుకునే ఉంది. బంతి వంకర పోయిందని రిఫరీ చెయ్యి ఎత్తకముందే ఆమెకి తెలిసిపోయింది, నా చెయ్యి వదిలేసింది. మాకు ఆ అవకాశం మళ్ళీ రాలేదు. మ్యాచ్ ఓడిపోయాం.

ఆ రాత్రి ఒక పెద్దమనిషి, ఎప్పుడో చదువు ముగించుకున్నవాడు, ఫేస్‌బుక్‌లో ఆ బంతి గురించి పిల్లాడి నంబర్ పెట్టి రాశాడు. ఇలాంటివాణ్ణి జట్టులోకి తీసుకున్నవాళ్ళకి సిగ్గుండాలని. కింద వందల కామెంట్లు. పదిహేడేళ్ళ పిల్లాడు తెల్లారేదాకా అవి చదువుతూ కూర్చున్నాడు. పొద్దున మేం అట్లు పంపితే ప్లేటు అలాగే వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం ఐదున్నరకి గోడ అవతల చప్పుడు లేదు. మర్నాడూ లేదు. మావారు పైకి ఏమీ అనలేదు కానీ టీ తాగుతూ గడియారం చూసుకున్నారు.

తర్వాత మాకు తెలిసింది ఏంటంటే, ఆ బంతి వేయడానికి పది నిమిషాల ముందు స్క్రమ్‌లో వాడి బొటనవేలు వెనక్కి తిరిగింది. చెప్పలేదు. చెప్తే బయటికి పంపేస్తారని, బయటికి వస్తే జనం ఏమంటారోనని. రమణి గారూ, మీరు అడిగింది ఇదే కదా. చెప్పగలడా అన్నారు. చెప్పలేకపోయాడు. వేలు కాబట్టి సరిపోయింది, తల అయితే? నాకు కోపం ఆట మీద రాలేదు. పిల్లాడి నోరు నొక్కేసిన పెద్దవాళ్ళ మీద వచ్చింది, ఇప్పటికీ ఉంది. ప్రాక్టీసులో వాడు ముంచిన బకెట్ ఎవరూ చూడలేదు, వేలు ఎవరూ చూడలేదు, వంకర పోయిన ఒక్క బంతిని మాత్రం అందరూ చూశారు. ఇంత గొప్ప పోటీని ప్రేమించేవాళ్ళు దాన్ని ఆడే పిల్లల్ని అలా చూడకూడదు.

ఆచ్చి ఏం చేసిందో చెప్తాను. వాణ్ణి ఓదార్చలేదు. వేలికి కట్టు కట్టించింది, వాడి ఫోను తీసి తన బీరువాలో పెట్టింది, కోచ్‌కి స్వయంగా ఫోన్ చేసి వేలి సంగతి చెప్పింది. డాక్టరు ఆడవచ్చు అన్నాకే పంపుతానంది. మూడో రోజు సాయంత్రం నేను కూర తరుగుతుంటే గోడకి అవతల ధబ్ మంది. బోలు చప్పుడు. ఆ తర్వాత ఇంకోటి, అదీ బోలే. నేను కత్తి పక్కన పెట్టేశాను. ఏడోదో ఎనిమిదోదో గట్టిగా తగిలింది.

సెకండ్ లెగ్‌కి డాక్టరు సరేనన్నారు. ఆ రోజు నేను ఇంకేమీ చూడలేదు, వాడి బంతులే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పదకొండు విసిరాడు. పది మా పిల్లల చేతికే వెళ్ళాయి. పేపర్‌లో మర్నాడు ట్రైలు వేసినవాళ్ళ పేర్లు వచ్చాయి, కిక్కులు కొట్టినవాడి పేరు వచ్చింది. వాడి పేరు లేదు. లైన్అవుట్‌లో బంతి సరిగ్గా పడితే ఎవరూ రాయరు, అది జరగాల్సిందే అనుకుంటారు. అందుకే కిరణ్ గారికి చెప్తున్నాను, మీరు మాత్రం నంబర్ 2ని చూడండి. రెండు జట్లలోనూ.

సెవెన్స్_శ్రీను జవాబు:

పద్మ గారూ, హుకర్ గురించి ఇలా రాసినవాళ్ళని నేను చూడలేదు. పదకొండుకి పది అంటే చాలా మంచి లెక్క, పెద్ద జట్లు కూడా సంతోషపడే లెక్క. తడి బంతితో ప్రాక్టీసు చేయించే కోచ్‌లు ఉన్నారు, పిల్లాడు తనంతట తాను చేశాడంటే ఆట మీద ఎంత శ్రద్ధో. రమణి గారూ, మీ బాబు ఏ ఆట ఆడినా ఒకటి నేర్పండి, దెబ్బ తగిలితే చేయి ఎత్తమని. నేను ఆడే రోజుల్లో అది ఎవరూ నేర్పలేదు.

రమణి_విశాఖ జవాబు:

చదివాక మావాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం వినిపించాను. ఫోను బీరువాలో పెట్టిన భాగం దగ్గర వాడు నా వైపు చూశాడు. చేయి ఎత్తే సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఆచ్చికి నా నమస్కారాలు చెప్పండి.

కిరణ్_రాజోలు జవాబు:

ఫస్ట్ లెగ్ చూసి వచ్చాను. గొంతు పోయింది, అందుకే టైపు చేస్తున్నాను.

రాయల్ వాళ్ళ స్పోర్ట్స్ కాంప్లెక్స్ గేటు దగ్గరకి వెళ్ళేసరికే నీలం, బంగారు రంగు జెండాలు, ఇంకో పక్క ఎరుపు, బంగారం, నీలం. పాపరే బ్యాండు మొదలవగానే మా మేనేజర్ ఆఫీసులో కనిపించే మనిషే కాదు. మొదటి పావుగంట నాకు గుట్టలు గుట్టలుగా పడటమే కనిపించింది. తర్వాత మీరు చెప్పినట్టు నంబర్ 2 మీదే కళ్ళు పెట్టాను. బంతి అందుకోగానే రెండు చేతులూ జెర్సీకి తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత ఆట నాకు విడివిడిగా కనిపించడం మొదలైంది. ఎవరు ఎత్తుతున్నారు, ఎవరు అందుకుంటున్నారు, పడినవాడు లేచి మళ్ళీ ఎక్కడికి పరిగెడుతున్నాడు, అన్నీ.

ఒక పిల్లాడి బంతి వంకర పోయింది. మా వెనక వరసలో ఒకాయన గట్టిగా తిట్టడం మొదలుపెట్టారు. మా మేనేజర్ వెనక్కి తిరిగి, సింహళంలో చిన్నగా ఏదో అన్నారు. ఆయన ఆగిపోయారు. ఏమన్నారని తర్వాత అడిగితే, ‘మచాన్ (ఒరేయ్ మిత్రమా), వాడు బడి పిల్లాడు అన్నాను, అంతే’ అన్నారు. అవతలి జట్టు పిల్లాడు అది. అది మీకు చెప్పాలనే ముందుగా రాస్తున్నాను పద్మక్కా.

ఇప్పుడు సెకండ్ లెగ్‌కి కాండీ వద్దామని ఉంది. ఎలా రావాలి? గ్రౌండ్ ఊళ్ళోనేనా?

కాండీ_పద్మ జవాబు:

తమ్ముడూ, మీ మేనేజర్‌కి మా ఇంట్లో ఎప్పుడైనా భోజనం ఉందని చెప్పు. రాయల్ మనిషైనా సరే.

గ్రౌండ్ ఊళ్ళో కాదు. ఒకప్పుడు బొగంబరలో, తర్వాత నిత్తవెలలో ఆడేవాళ్ళు. ఇప్పుడు ట్రినిటీ వాళ్ళ సొంత రగ్గర్ గ్రౌండ్ పల్లెకెలెలో ఉంది. క్రికెట్ స్టేడియం అనుకుని ఆటో ఎక్కేవు, అది వేరు. ఆటో అతనికి ట్రినిటీ రగ్గర్ గ్రౌండ్ అని స్పష్టంగా చెప్పు. రోడ్డు మీద వస్తే కడుగన్నావ ఘాట్ దగ్గర ఆ రోజు జెండాల వ్యాన్లతో నత్తనడకే. కొలంబో ఫోర్ట్ నుంచి పొద్దున రైలు ఎక్కడం మంచిది. సీటు ముందే రిజర్వు చేయించుకో, ఆ వారం దొరకవు. వచ్చేటప్పుడు కుడివైపు కూర్చుంటే బలన దగ్గర లోయ బాగా కనిపిస్తుంది. గొడుగు మర్చిపోకు. ఇక్కడ ఈ నెలల్లో పొద్దున ఎండ చూసి మోసపోకూడదు, రెండింటికల్లా వాన దిగుతుంది.

పొద్దున్నే దిగితే ముందు మా ఇంటికి రా. ఆచ్చికి నీ గురించి చెప్పాను, అవతలి పిల్లాడి గురించి మీ మేనేజర్ అన్న మాట కూడా. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ అబ్బాయి ఎప్పుడొస్తున్నాడని అడిగింది. నిరుడు ఇల్లంతా సున్నం వేయించారు, వెనక గోడ మీద ఆ గుర్తు ఉన్న మేర మాత్రం వేయనివ్వలేదు ఆమె. ఇటుక కూడా అక్కడే ఉంది, చూపిస్తాను.

పులిహోర, బంగాళాదుంప వేపుడు చేసి పట్టుకెళ్దాం. కారం ఎంత తింటావో ముందే చెప్పు.